గళ్ల చీర వెంటబెట్టుకుని జడ్చర్లలో నా మొదటి కెమెరా ఎంచుకున్న రోజు

మా నాయిన నేసిన చీరను చేత్తో ముట్టకుండానే ఒకామె నేత బాగోలేదంది. నేను కెమెరా కొనడానికి బయలుదేరింది అందుకే. మాది నారాయణపేట. నాయినకు ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గమే లోకం. ఇన్నేళ్లూ చీరల వ్యాపారి సేటు ఇచ్చిన నూలుతో, సేటు చెప్పిన రంగుల్లో కూలికి నేశాడు. ఈ ఏడాది మొదటిసారి సొంతంగా నూలు కొని సొంత పడుగు ఎక్కించాడు. పడుగు అంటే మగ్గం మీద పొడవునా బిగించే దారాల వరుస. మా దగ్గర ఒక పడుగు మీద ఎనిమిది చీరలు దిగుతాయి. ఎనిమిదీ ఒకే రంగు, ఒకే గళ్లు. ఒకటి నచ్చితే ఎనిమిదీ అమ్ముడుపోతాయి, ఒకటి నచ్చకపోతే ఎనిమిదీ ఇంట్లోనే ఉంటాయి. మా ఇంట్లో బడికి వెళ్లి చదువుకున్నవాళ్లలో నేనే మొదటిదాన్ని. బీఎస్సీ పూర్తి చేసి ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను. అందుకని ఈ చీరలు నేనే అమ్మిపెడతానని నాయినకు మాటిచ్చాను.

మొదటి చీర మగ్గం దిగగానే ఫోనుతో ఫొటోలు తీసి, విజయవాడలో చిన్న చీరల కొట్టు నడిపే సుధారాణి గారికి పంపాను. మా బడిలో ఒక టీచర్ ఆమె నంబరు ఇచ్చింది. సాయంత్రానికి ఆమె ఫోన్ చేసింది.

"ఏమీ అనుకోకు అమ్మాయ్. రంగు బాగుంది గానీ నేత సరిగ్గా లేదు. గళ్లన్నీ అలలు అలలుగా వంకర పోయాయి చూడు."

"లేదండీ, చేతిలో పట్టుకుని చూస్తే తిన్నగా ఉంటాయి."

"చేతిలో పట్టుకోవడానికి నేనక్కడ లేను కదమ్మా. నాకు ఫొటోలో ఏది కనిపిస్తే అదే చీర. ఆదివారం లోపు సరైన ఫొటో పంపగలిగితే పంపు. లేదంటే పెళ్లిళ్ల సీజన్‌కి నేను ఇంకోచోట చెప్పుకుంటాను."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. నాయిన మగ్గం గుంటలో కూర్చుని అంతా విన్నాడు. కోప్పడలేదు. "నా గళ్లు వంకరనా?" అని ఒక్క మాట అడిగి, నేసిన బట్ట మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ నిమిరాడు. ఈ చీరలు పోకపోతే సేటు చెప్పిన ధరకే ఆయనకు ఇచ్చేయాలి. ఆ తర్వాత ఎక్కేది మళ్లీ సేటు పడుగే. అందుకే అదే వారంలో కెమెరా కొనాలని తేల్చుకున్నాను.

డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా గురించి నాకు తెలిసిందంతా ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నదే. ఫోను మనల్ని అడగకుండానే ఫొటోను నునుపు చేస్తుంది, రంగు పెంచుతుంది. ఈ కెమెరాలో రంగు, వెలుతురు మన అదుపులో ఉంటాయి, పనిని బట్టి లెన్సు మార్చుకోవచ్చు. లోపల అద్దం లేని కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు చాలామంది వాటికి మారుతున్నారు. అందువల్ల వాళ్లు వాడిన ఎస్‌ఎల్‌ఆర్‌లు మంచి స్థితిలో, కొత్తదాని ధరలో సగానికే దొరుకుతున్నాయి. మా బడి వార్షికోత్సవానికి ఫొటోలు తీసిన జహంగీర్ భాయ్‌కి జడ్చర్లలో స్టూడియో ఉంది. ఆయన దగ్గర అలాంటివి రెండు ఉన్నాయని తెలిసింది. వాటిలో కొత్తది ఇరవై నాలుగు మెగాపిక్సెళ్లది. మెగాపిక్సెళ్లు ఎంత ఎక్కువైతే అంత మంచిదని అందరూ అన్నారు, నేనూ అలాగే నమ్మాను. బడి జీతంలోంచి దాచుకున్న ముప్పై వేలు తీసుకుని రెండో శనివారం ప్రయాణం పెట్టుకున్నాను. నాయిన కూడా వస్తానన్నాడు. చీరను తెల్లటి ధోవతిలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

పొద్దున ఏడింటికి నారాయణపేట బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మరికల్, దేవరకద్ర మీదుగా మహబూబ్‌నగర్‌కి దాదాపు రెండు గంటలు పడుతుంది. మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఈ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. నాయినకు మాత్రం నూరు లోపు టికెట్ పడింది. చిల్లర ఇస్తూ ఆయన కండక్టర్‌తో వాదన పెట్టుకున్నాడు.

"గిదేం లెక్క సారూ? జీతం తెచ్చే బిడ్డకు ఫ్రీ, గుంటల కూసునే నాకు పైసలా?"

"నువ్వు గూడ చీర కట్టుకో పెద్దాయనా. చంకల ఉండనే ఉంది గద!" అన్నాడు కండక్టర్.

బస్సులో ముందు సీట్లవాళ్లంతా నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. ఆ ఫోన్ వచ్చిన తర్వాత ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను.

మహబూబ్‌నగర్‌లో దిగి, ఉగ్గాని, మిర్చి బజ్జీ తిని, ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూముకు వెళ్లాం. ఇద్దరికీ కలిపి టిఫిన్‌కు ఎనభై అయింది. కొనకపోయినా కొత్త కెమెరాను ఒకసారి చేతిలో పట్టుకుని బరువు చూసుకోవాలని నా ఉద్దేశం. మొదటి కెమెరా కొనేవాళ్లు ఈ పని తప్పక చేయండి. వీడియోల్లో ఎంత చూసినా, బొటనవేలు ఎక్కడ ఆనుతుందో, చూపుడువేలికి బటన్ అందుతుందో లేదో చేతికి మాత్రమే తెలుస్తుంది. నాకు ఒకటి మరీ పెద్దదిగా అనిపించింది, ఇంకొకటి బాగా కుదిరింది. నాయిన చీర మడత విప్పబోతూ, సేల్స్‌మన్‌ను కెమెరా గుమ్మం దగ్గరికి తెమ్మన్నాడు. మా వాళ్లు బట్టను ట్యూబులైటు కింద చూసి కొనరు, అమ్మరు. ఎవరొచ్చినా గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో విప్పి చూపించడం మా వీధిలో అలవాటు.

"సారీ అంకుల్, ఇది డెమో పీసు. వైరుతో కట్టేసి ఉంది, బయటికి రాదు" అన్నాడు ఆ అబ్బాయి.

"గుమ్మం దాక గూడ రాకపోతే గది మా ఇంటి దాక ఎట్ల వస్తది బిడ్డా?" అని నాయిన చీరను మళ్లీ మడిచేశాడు. అబ్బాయి మర్యాదగానే నవ్వాడు. అక్కడ ధర కూడా నాకు అందేది కాదు. బయటికొచ్చి హైదరాబాదు వైపు వెళ్లే బస్సు ఎక్కాం. జడ్చర్లకు ముప్పావుగంట కూడా పట్టలేదు.

జహంగీర్ భాయ్ స్టూడియో బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. ముందు చిన్న గది, వెనక తెర కట్టిన ఇంకో గది, గోడ నిండా పెళ్లికొడుకులు, పెళ్లికూతుళ్లు. జహంగీర్ భాయ్‌కి యాభై దాటి ఉంటాయి. రెండు కెమెరాలనూ మెత్తటి గుడ్డ మీద పెట్టి మా ముందుకు జరిపాడు. కొత్తది, కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సుతో ఇరవై ఎనిమిది వేలు. పాతది పదహారు మెగాపిక్సెళ్లది, పట్టుకునే చోట రబ్బరు అరిగిపోయింది, లెన్సుతో పదిహేను వేలు. పాతదాని వైపు నేను సరిగ్గా చూడను కూడా లేదు. కొత్తదాన్నే తీసుకుని నేర్చుకున్నవన్నీ వరుసగా చూశాను. వాడిన కెమెరా అప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో తెలుసుకునే వీలుంటుంది, అది అడిగాను. బటన్లన్నీ నొక్కి చూశాను. లెన్సు విప్పి, బూజు ఉందేమోనని వెలుతురుకు ఎత్తిపట్టి చూశాను. లెన్సు లోపల బూజు పడితే సన్నటి పోగుల్లా కనిపిస్తుందని చదివాను.

"ఏం చూస్తున్నవ్ బిడ్డా, పోగేమన్న తెగిందా?" అన్నాడు నాయిన.

"పోగు ఉంటేనే ఫికర్ నాయినా. లేదు, మంచిగుంది."

"గిన్ని చూసేటోళ్లు నా దగ్గరికి ఇంతవరకు రాలె" అని జహంగీర్ భాయ్ సంబరపడ్డాడు. "పోరగాండ్లొస్తరు, మెడల ఏసుకోని ఒక సెల్ఫీ దిగుతరు, గంతే."

చీరను గుమ్మం ముందు తాడు మీద ఆరేశాం. ముదురు కుంకుమ రంగు, దాని మీద నల్లటి పోగుతో సన్నటి గళ్లు, పసుపు అంచు. ఎండ నేరుగా పడకుండా నీడలోనే ఉంది, వెలుతురు మాత్రం బాగా ఉంది. ఒక ఫొటో తీశాను. వెనక స్క్రీన్ మీద చూశాను. చీర మధ్యలో, సుధారాణి గారు చెప్పినట్టే, గళ్లు అలలుగా వంపులు తిరిగి ఉన్నాయి. పైగా ఆ అలల్లో గులాబీ, ఆకుపచ్చ ఛాయలు. కెమెరా కదిలిందేమోనని ఇంకొకటి తీశాను. మళ్లీ అలలే. నాయిన నా భుజం మీదుగా చూశాడు.

"గింత పెద్ద కెమెరా గూడ గదే చెప్తాంది" అన్నాడు.

జహంగీర్ భాయ్ అప్పటికే లోపల చేతులు, ముఖం కడుక్కుంటున్నాడు. నమాజు వేళయింది. స్క్రీన్ వైపు చూడకుండానే, "మీరు ముంగట రొట్టెలు తిని రాండ్రి బిడ్డా. నేను గింతల వచ్చేస్త, నిమ్మళంగ మాట్లాడుకుందం" అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. తాడు మీది చీర తీసి, షట్టరు సగం దించి మేమూ బయటికి వచ్చాం.

ఎదురుగా రేకుల కింద ఒకామె జొన్నరొట్టెలు చేస్తోంది. ఆ దారిన వెళ్తే అక్కడ తినండి. రెండు రొట్టెలు, పప్పు, పచ్చిమిరప తొక్కు కలిపి యాభై రూపాయలు, రొట్టె పెనం మీంచి నేరుగా మన పళ్లెంలోకి వస్తుంది. మేం మాత్రం ఆ రుచిని పట్టించుకునే స్థితిలో లేం. నాయిన చీరను ఒళ్లో పెట్టుకుని, కొంగు దగ్గర ఒక చోటును రెండు వేళ్లతో పట్టి చూస్తూనే ఉన్నాడు.

"పడుగు బిగించిన్నాడు మీ అమ్మకు పానం బాగలేకుండె. ఒక్కన్నే బిగించిన. ఏడనో వదులు పడ్డదేమో" అన్నాడు.

"గట్ల కాదు నాయినా."

"సేటు దగ్గర ఎన్నడు గిట్ల మాట రాలె మంజులా. సొంత పడుగు మనకెందుకు తియ్. మల్ల ఆడికే పోత. గీ కెమెరా పైసలు నువ్వు దాసుకో."

రొట్టెలు చేసే ఆమె వింటూనే ఉంది. "ఏందయ్యా, రొట్టె సల్లారిపాయె. గా చీర మొకం చూసుకుంట కూసుంటే కడుపు నిండుతదా?" అని, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి చీర అంచును పట్టుకుంది. "ఏడుంది వంకర? నా కండ్లకైతే కనబడ్తలేదు."

"కెమెరాకు కనబడ్తాందమ్మా" అన్నాడు నాయిన.

"మరి గా కెమెరానే కట్టుకొమ్మను!" అని ఆమె మళ్లీ పెనం దగ్గరికి వెళ్లిపోయింది.

నాకు నవ్వు రాలేదు. నా కళ్ల ముందు ఆ రెండు ఫొటోలే తిరుగుతున్నాయి. మొదటిదానిలో అలలు ఎడమ నుంచి కుడికి వాలి ఉన్నాయి. రెండోది తీసేటప్పుడు, అంచు కూడా రావాలని నేను ఒక అడుగు వెనక్కి జరిగాను. అందులో అలలు అటు నుంచి ఇటు వాలి ఉన్నాయి, ఇంకా వెడల్పుగా కూడా ఉన్నాయి. చీర తాడు మీద కదలలేదు. కదిలింది నేనే. బడిలో పిల్లలకు లెక్క తప్పొచ్చినప్పుడు, ముందు ఏది మారిందో, ఏది మారలేదో చూడమని చెబుతాను. ఆ మాట నాకు నేనే చెప్పుకోవడానికి ఇంత సేపు పట్టింది.

"నాయినా, మగ్గం మీద ఒక పోగు తెగిందనుకో. నువ్వు దగ్గరికెళ్లి చూసినా, దూరంకెళ్లి చూసినా, గది ఒక్క జాగలనే ఉంటది గద?"

"ఉండక ఏడికి పోతది? మల్ల కట్టేదాక ఆడనే ఉంటది."

"మరి గీ అలలు జాగ మార్చినయ్. నేను ఎనకకు జరగంగనే అవి గూడ తిరిగినయ్. తప్పు చీరలుంటే ఎట్ల తిరుగుతది?"

నాయిన చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు. "ఏదీ, సూపియ్" అన్నాడు. రొట్టెల పైసలు ఇచ్చి, ఇద్దరం స్టూడియో మెట్ల మీద జహంగీర్ భాయ్ కోసం ఎదురుచూశాం. ఆయన రాగానే చీరను మళ్లీ తాడు మీద ఆరేశాం. నేను ఒక్కో అడుగు ముందుకు, వెనక్కి జరుగుతూ ఫొటోలు తీసి వరుసగా చూపించాను. ఒకదానిలో అలలు ఇటు, ఒకదానిలో అటు, బాగా దగ్గరికి వెళ్లి తీసినదానిలో అసలు లేనే లేవు.

జహంగీర్ భాయ్ నుదురు కొట్టుకుని నవ్వాడు. "అరె, గిదా సంగతి? నాకు ముందే చూపిస్తే అయిపోతుండె గద! పెండ్లిళ్లల్ల సన్నగళ్ల షర్టు ఏసుకొచ్చినోన్ని నేను ఎనక వరుసల నిలబెడ్త. లేకుంటే ఆల్బంల వాని పొట్ట మీద కాలువలు పారుతయి."

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. కెమెరా లోపల వెలుతురును పట్టే పలక మీద అతి చిన్న గదులు వరుసగా ఉంటాయి, అవి కూడా గళ్లే. మన బట్ట మీది సన్నటి గళ్లు, ఆ పలక మీది గళ్లు ఒకదానితో ఒకటి సరిపడనప్పుడు, రెండింటిలోనూ లేని అలలు ఫొటోలో పుడతాయి. దోమతెరను రెండు మడతలు వేసి చూస్తే కనిపించే చారలు కూడా ఇలాంటివే. పాత కెమెరాల్లో ఈ అలలను ఆపడానికి పలక ముందు ఒక పలుచటి పొర ఉండేది. ఫొటో ఇంకా పదునుగా రావాలని కొత్త మోడళ్లు చాలావాటిలో ఆ పొర తీసేశారు. మనుషుల ముఖాలకు, కొండలకు, పూలకు దానితో మేలే జరిగింది. నారాయణపేట గళ్లకు మాత్రం కాదు.

అప్పుడు మొదటిసారి రబ్బరు అరిగిన పాత కెమెరాను చేతిలోకి తీసుకున్నాను. అదే చీర, అదే చోటు, అదే దూరం. ఫొటో తీసి స్క్రీన్ చూస్తే అందులో కూడా లేతగా అలలు కనిపించాయి. నాయిన ముఖం మళ్లీ వాడిపోయింది. కానీ ఆ స్క్రీన్ చిన్నది, అంత పెద్ద ఫొటోను కుదించి చూపిస్తుంది కాబట్టి దానిలోనే అలలు పుట్టవచ్చు. పెద్దది చేసే బటన్ చివరిదాకా నొక్కాను. అలలు పోయాయి. గళ్లు తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి, నాయిన ఎలా నేశాడో అలాగే వరుసగా నిలబడి ఉన్నాయి. కొత్తదానిలోని ఫొటోను కూడా అలాగే పెద్దది చేసి చూశాను. అందులో గులాబీ, ఆకుపచ్చ చారలు ఇంకా స్పష్టంగా కనబడ్డాయి.

నాయిన కళ్లద్దాలు తుడుచుకుని పాత కెమెరా స్క్రీన్ మీదికి వంగాడు. "అంచు కాడికి పో" అన్నాడు. పోయాను. "జర కిందికి." జరిపాను. నల్లపోగు, కుంకుమపోగు విడివిడిగా కనిపించే చోట ఆగమన్నాడు. "గిది నేను నేసిందే" అని నిటారుగా నిలబడి, జహంగీర్ భాయ్ వైపు తిరిగి మళ్లీ అన్నాడు. "నా నేతనే భాయ్. గళ్లు సక్కగనే ఉన్నయి. నా బిడ్డ పట్టింది."

"కొత్తది కొంటే నాకే లాభం ఉండె" అన్నాడు జహంగీర్ భాయ్, దాన్ని పెట్టెలో పెట్టేస్తూ. "గని నువ్వు రోజు తీసేది గళ్లు. గళ్లకు గీ ముసల్దే మంచిగ పనిచేస్తది. పదమూడు వేల ఐదు వందలియ్యి."

మిగిలిన డబ్బులో ఐదు వేలు పెట్టి, వాడిన యాభై ఎం.ఎం. లెన్సు ఒకటి కూడా తీసుకున్నాను. జూమ్ లేని చిన్న లెన్సు అది, తక్కువ వెలుతురులోనూ బాగా తీస్తుంది, బట్ట అంచులు వంగకుండా వస్తాయి. ఇంకో బ్యాటరీ, సంచి, ఫోనుకు తగిలించే కార్డు రీడరు జహంగీర్ భాయ్ ఊరికే ఇచ్చాడు. అక్కడే గుమ్మం ముందు, ముందుగా ఒక తెల్లకాగితాన్ని ఫొటో తీసి, తెలుపు అంటే ఇదీ అని కెమెరాకు చెప్పి, ఆ తర్వాత చీరను తీశాను. మొత్తం చీర ఒకటి, అంచు, కొంగు, గళ్లు దగ్గరగా ఒక్కోటి. స్క్రీన్ మీది కుంకుమ రంగును, తాడు మీది కుంకుమ రంగును నాయిన మార్చి మార్చి చూసి సరేనన్నాక ఫోన్‌లోకి ఎక్కించాను. మామూలు ఫొటోగా పంపితే ఫోన్ దాన్ని కుదించేస్తుంది. అందుకని ఫైలుగా పంపి, పెద్దది చేసి చూడమని సుధారాణి గారికి రాశాను.

నాలుగింటికి జడ్చర్ల బస్టాండులో నారాయణపేట బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఫోన్ మోగింది.

"ఇది వేరే చీరా అమ్మాయ్?"

"అదే చీరండీ. కెమెరా మారింది."

"అదేనా? ఇంత చక్కటి నేతనా నేను..." అని ఆమె ఆగిపోయింది. "మీ నాన్నగారు పక్కనున్నారా? ఒకసారి ఫోనివ్వు."

నాయిన ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు. అవతలి మాటలు నాకూ వినిపిస్తున్నాయి. "అన్నగారూ, చూడకుండా మీ నేత మీద ఒక మాట అనేశాను. మనసులో పెట్టుకోకండి."

"పెట్టుకోలేదమ్మా" అన్నాడు నాయిన. "కనబడ్డదే అన్నరు. ఇప్పుడు సక్కగ కనబడ్డది. గంతే."

ఈ ఒక్క చీర ముందుగా పంపమని, చేతిలోకి వచ్చాక మిగతావాటి సంగతి చెబుతానని ఆమె అంది. బస్సు వచ్చింది. సీటు దొరకగానే నాయిన కెమెరా సంచిని నా దగ్గర నుంచి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్న ఆయన, అందులో ఏముందని అడిగాడు. "మా బిడ్డ కెమెరా. చీరలు తీస్తది" అన్నాడు. దేవరకద్ర దాటేదాకా ఆ పెద్దమనిషికి పడుగంటే ఏమిటో, అడ్డంగా నేసే పేక అంటే ఏమిటో, కెమెరాలో కూడా గళ్లు ఎలా ఉంటాయో వివరిస్తూనే ఉన్నాడు. కొన్నిచోట్ల తప్పు చెప్పాడు. నేను సరిదిద్దలేదు.

ఇది రాసేసరికి ఆ చీర విజయవాడ చేరింది, మగ్గం దిగినవి దిగినట్టుగా మిగతా ఏడూ కూడా ఆమెకే వెళ్లాయి. నాయిన రెండో సొంత పడుగుకు నూలు తెచ్చాడు, ఈసారి ఆకుపచ్చ. కెమెరా పాతదే కావచ్చు, దానితో నేను ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. అప్పుడప్పుడు దీనిలోనూ అలలు కనబడతాయి. ఒక అడుగు జరుగుతాను, పోతాయి. ఆ రోజు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది రొట్టెల దుకాణం దగ్గర నాయిన అన్న మాట. జీవితమంతా తన చేతులతో చూసి తెలుసుకున్న మనిషి, ఒక స్క్రీన్ చెప్పిందని తన చేతుల్నే అనుమానించాడు. మనకంటే పెద్దదిగా, ఖరీదుగా కనిపించే వస్తువు ఏది చెప్పినా నిజమనుకోవడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. నన్ను చదివించింది ఆ చేతులే. వాటిలో తప్పు లేదని నా చదువుతో చూపించగలిగాను. నా డిగ్రీ పట్టా అందుకున్న రోజున కూడా నాకు ఇంత గర్వం కలగలేదు.

మొదటి కెమెరా కొనబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీరు రోజూ దేన్ని ఫొటో తీయబోతున్నారో దాన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. అది చీర కావచ్చు, వెండి పట్టీలు కావచ్చు, కుదురుగా కూర్చోని మీ నాలుగేళ్ల పాప కావచ్చు. గుమ్మం వెలుతురులో తీసి, పూర్తిగా పెద్దది చేసి చూసుకున్నాకే డబ్బు బయటికి తీయండి.